తెలుగు ఛానళ్లు ఆగిపోతే డిష్ తీసేయాలా? బెంగళూరు ఇంటి లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మారతహళ్లిలో ఫ్లాటు, డీటీహెచ్ కనెక్షన్. నాలుగు రోజులుగా కొన్ని తెలుగు ఛానళ్ల దగ్గర "ఈ ఛానల్ ప్రస్తుతం అందుబాటులో లేదు" అని వస్తోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బ్రాడ్‌కాస్టర్‌తో (ఛానళ్లు నడిపే సంస్థతో) చర్చలు జరుగుతున్నాయంటున్నారు. అత్తయ్యగారికి సాయంత్రం సీరియళ్లు కావాలి, మీకు క్రికెట్ కావాలి. ఇంట్లో 40 ఎంబీపీఎస్ ఫైబర్, 2016లో కొన్న స్మార్ట్ టీవీ ఉన్నాయి. డిష్ తీసేసి పూర్తిగా యాప్‌లకి మారిపోవచ్చా?

మారొచ్చు. కానీ ఈ గొడవను చూసి మారకండి. ఇలాంటి తగాదాలు రోజుల్లోనో వారాల్లోనో ఒక కొలిక్కి వస్తాయి. డిష్ తీయడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి, తీయకపోవడానికీ ఉన్నాయి. అవి చెప్తాను.

ముందు అది నిజంగా ఒప్పందం గొడవేనా అన్నది తేల్చుకోండి. అదే సంస్థకు చెందిన మిగతా ఛానళ్లు పెట్టి చూడండి. స్టార్ మా రాకపోతే స్టార్ మా మూవీస్, స్టార్ స్పోర్ట్స్ వస్తున్నాయా? జెమినీ రాకపోతే జెమినీ మూవీస్ వస్తోందా? ఒకే సంస్థ ఛానళ్లన్నీ ఒకేసారి పోతే ఒప్పందం తెగినట్టు. ఒక్కటే పోయి "సబ్‌స్క్రయిబ్ చేయలేదు" అని వస్తే ప్యాక్ మారినప్పుడు అది జారిపోయింది, డీటీహెచ్ కంపెనీ యాప్‌లో మళ్లీ చేర్చుకుంటే సరిపోతుంది. సంబంధం లేని సంస్థల ఛానళ్లు కొన్ని పోయి కొన్ని ఉంటే మాత్రం అది డిష్ సమస్య. ఉపగ్రహం ఛానళ్లను రెండు గుంపులుగా, నిలువు తరంగాల్లో కొన్ని, అడ్డం తరంగాల్లో కొన్ని పంపుతుంది. సెట్‌టాప్ బాక్స్ ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు చేతి చివర సిగ్నల్ అందుకునే భాగానికి) 13 వోల్టులు పంపితే నిలువు గుంపు, 18 వోల్టులు పంపితే అడ్డం గుంపు వస్తాయి. వానకు ఎల్‌ఎన్‌బీ దగ్గరి ఎఫ్ కనెక్టర్‌లో (కేబుల్ చివర బిగించే లోహపు ముక్కలో) నీరు చేరి తుప్పు పడితే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు 18 వోల్టుల గుంపు మొత్తం పోతుంది, మిగతావి నిక్షేపంగా వస్తుంటాయి. బాక్స్ మెనూలో సిగ్నల్ బలం బాగానే ఉండి నాణ్యత పడిపోతున్నా అనుమానం డిష్ మీదే. కనెక్టర్ కోసి కొత్తది బిగించి, పైన రబ్బరు తొడుగు వేయిస్తే చాలు. జూన్ నుంచి నవంబరు దాకా బెంగళూరులో "ఛానల్ తీసేశారు" అనుకునే ఫిర్యాదుల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి.

మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఒప్పందం గొడవే. ఇది ఎందుకొస్తుందో తెలిస్తే ఎన్నాళ్లు ఆగాలో కూడా అంచనా దొరుకుతుంది. 2017లో ట్రాయ్ (టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ) తెచ్చిన కొత్త టారిఫ్ విధానం కోర్టుల్లో నలిగి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించాక, 2019 ఫిబ్రవరి నాటికి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఛానల్ ధరను బ్రాడ్‌కాస్టరే ప్రకటించాలి. 2022 నవంబరు సవరణ తర్వాత ప్యాక్‌లో చేర్చే ఏ ఛానల్‌కీ విడి ధర 19 రూపాయలు దాటకూడదు, ప్యాక్ మీద తగ్గింపు 45 శాతం మించకూడదు. ఆ ధరలో కనీసం 20 శాతం పంపిణీదారుకి (డీటీహెచ్ లేదా కేబుల్ కంపెనీకి) రావాలి, మిగతా తగ్గింపులన్నీ కలుపుకున్నా 35 శాతం దాటకూడదు. అంటే 19 రూపాయల ఛానల్ మీద డీటీహెచ్ కంపెనీకి మిగిలేది 3.80 నుంచి 6.65 రూపాయల లోపు. మిగతాది ఛానల్ సంస్థకి వెళ్తుంది. బ్రాడ్‌కాస్టర్ రేటు పెంచిన ప్రతిసారీ చందాదారుడు చిరాకుపడేది డీటీహెచ్ కంపెనీ మీద, మానేసేది ఆ కనెక్షన్‌నే.

పీటముడి ఇక్కడే పడుతోంది. ట్రాయ్ లెక్కల్లో 2021 మార్చిలో దాదాపు 7 కోట్లున్న డీటీహెచ్ చందాదారులు 2024 మార్చి నాటికి 6.2 కోట్లకు దిగారు. డీటీహెచ్ కంపెనీ తన సవరించిన ఆదాయంలో 8 శాతం లైసెన్సు ఫీజు కట్టాలి, యాప్‌కి ఆ భారం లేదు. పైగా ఛానల్ సంస్థలకే సొంత యాప్‌లున్నాయి. 2023 ఐపీఎల్‌ను టీవీలో డబ్బు కట్టి చూడాల్సి వస్తే, ఫోన్‌లో జియోసినిమా ఉచితంగా ఇచ్చింది. ఐదేళ్ల హక్కులకు టీవీ వైపు 23,575 కోట్లు, డిజిటల్ వైపు 23,758 కోట్లు పలికాయి, అదీ వేర్వేరు సంస్థలకు. తాను డబ్బుకి కొన్న సరుకునే పక్క వీధిలో ఉచితంగా పంచుతుంటే పంపిణీదారు కొత్త రేటు మీద సంతకం పెట్టడానికి మొరాయించడంలో ఆశ్చర్యం లేదు.

2023 ఫిబ్రవరిలో సరిగ్గా ఇదే జరిగింది. కొత్త ధరల ఒప్పందాల మీద సంతకం చేయని కేబుల్ సంస్థలకు మూడు పెద్ద బ్రాడ్‌కాస్టర్లు సిగ్నల్ ఆపేశాయి. దాదాపు నాలుగున్నర కోట్ల ఇళ్లలో ఛానళ్లు పోయాయని కేబుల్ సమాఖ్య చెప్పింది. సంతకాలయ్యాక వారం పది రోజుల్లోనే ఛానళ్లు తిరిగొచ్చాయి. ధరల తగాదా త్వరగా ముగియడానికి కారణం, ఆగిన ప్రతి రోజూ ఛానల్‌కి ప్రకటనల రాబడి పడిపోవడం, పంపిణీదారుకి కనెక్షన్లు పోవడం. ధరతో సంబంధం లేని గొడవలే సాగుతాయి. 2014 జూన్‌లో తెలంగాణలో ఎమ్మెస్వోలు (పెద్ద కేబుల్ పంపిణీ సంస్థలు) రెండు తెలుగు వార్తా ఛానళ్లను వాటి ప్రసారాల మీద అభ్యంతరంతో ఆపినప్పుడు అది నెలల తరబడి నడిచింది. మీది ధర గొడవ అయితే ఒక నెల ఆగడంలో నష్టం లేదు.

ఆగుతూనే మీ హక్కులు వదులుకోకండి. సిగ్నల్ ఆపే ముందు ఒకరికొకరు మూడు వారాల నోటీసు ఇవ్వాలి, చందాదారులకు తెర మీద స్క్రోల్‌లో చెప్పాలి. ఛానల్ ఆగిన రోజు నుంచి దాని ధర మీ దగ్గర వసూలు చేయకూడదు. ఆ సందేశం కనిపించే తెరను తేదీతో సహా ఫోటో తీయండి. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి. జవాబు రాకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నోడల్ అధికారికి ఆ నంబరుతో మెయిల్ పెట్టండి. అక్కడా తేలకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ట్రాయ్‌కి నేరుగా రాస్తే పని కాదు, విడివిడి ఫిర్యాదుల్ని అది పరిష్కరించదు. ఇంకొకటి ముఖ్యం: గొడవ నడుస్తున్నంత కాలం ఏడాది రీఛార్జి, ఆరు నెలల రీఛార్జి చేయకండి. ఎంత తగ్గింపు ఇస్తామన్నా నెలకే పరిమితం కండి.

ఇక ఖర్చు సంగతి. బెంగళూరులో తెలుగు ఇళ్లు ఎక్కువ కట్టేది ఇక్కడే. కనెక్షన్ ఇచ్చేటప్పుడు కర్ణాటక ప్యాక్ అంటగడతారు, తెలుగు ఛానళ్లను దాని మీద అదనంగా వేస్తారు. ఒకసారి యాప్‌లో ప్యాక్‌లన్నీ తీసేసి విడి ఛానళ్లు ఎంచుకుని చూడండి. నాలుగు ప్రధాన తెలుగు ఛానళ్లు గరిష్ఠ ధర 19 చొప్పున 76 రూపాయలు. నెట్‌వర్క్ ఛార్జీ 130 అనుకుంటే మొత్తం 206, దాని మీద 18 శాతం జీఎస్టీతో 243. గతంలో 200 ఛానళ్లకు 130 దాటకూడదన్న పరిమితి ఉండేది. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది కాబట్టి మీ కంపెనీ ఎంత వేస్తోందో బిల్లులో చూసుకోండి. ఒకే ఛానల్ ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ జాబితాలో ఉంటే ఒకటి తీసేయండి. తెలుగు వార్తా ఛానళ్లలో చాలా వాటి ప్రత్యక్ష ప్రసారం యూట్యూబ్‌లో ఇరవై నాలుగ్గంటలూ ఉచితంగా ఉంది, వాటికోసం ప్యాక్ అక్కర్లేదు. ఇలా కోసుకుంటూ వస్తే మీకు నెలకు నాలుగైదు వందలు అవుతున్న చోట 250కి దగ్గర్లో ఆగుతుంది. డిష్ దండగ అనిపించడానికి కారణం చాలా ఇళ్లలో డిష్ కాదు, ఎవరూ చూడని ప్యాక్.

యాప్‌ల వైపు వస్తే, ఏ ఛానల్ ఎక్కడుందో ముందు తెలియాలి. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో ఉంటాయి (2025 ఫిబ్రవరి 14న రెండు యాప్‌లు కలిసి ఇదయింది). జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. అంటే నాలుగు ఛానళ్లకు నాలుగు చందాలు, నాలుగు లాగిన్లు. అత్తయ్యగారు నిజంగా చూసే సీరియళ్లు ఏ ఛానల్‌వో ఒక వారం గమనించండి. చాలా ఇళ్లలో అవి రెండు ఛానళ్లకే పరిమితం, అప్పుడు రెండు యాప్‌లు చాలు. మొబైల్ ప్లాన్ తీసుకుంటే టీవీలో రాదు, ఈ మెలిక కొనేముందే చూసుకోండి. ఫోన్ రీఛార్జితో ఉచితంగా వచ్చే చందా ఆ రీఛార్జితోనే ముగుస్తుంది, ఆ నంబరుకే కట్టుబడి ఉంటుంది. నంబరు మీ పేరున ఉండి ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంటే, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు టీవీ లాగౌట్ అయితే ఇంట్లో వాళ్లు చేసేదేం ఉండదు. పెద్దవాళ్లు వాడే టీవీకి చందా వాళ్ల నంబరు మీదే తీసుకోండి.

యాప్ ఇవ్వనిది ఒకటుంది, దీన్ని మారాక గాని గుర్తించరు. ఆదివారం సాయంత్రం ఛానల్‌లో వేసే సినిమా అదే సంస్థ యాప్‌లో ఉండకపోవచ్చు. సినిమాకి శాటిలైట్ హక్కులు (టీవీ ఛానల్‌లో చూపేవి), డిజిటల్ హక్కులు (యాప్‌లో చూపేవి) విడివిడిగా అమ్ముతారు. శాటిలైట్ హక్కు ఒక తెలుగు ఛానల్ దగ్గర, డిజిటల్ హక్కు మరో ఓటీటీ దగ్గర ఉంటే, ఛానల్ తన యాప్‌లో ఆ సినిమా చూపించడానికి వీల్లేదు. అలాగే పండగపూట వరసగా నడిచే కార్యక్రమాలు, "ఏదో ఒకటి పెట్టు" అని వదిలేసే అలవాటు, ఇవీ యాప్‌లో కుదరవు. సీరియళ్లకి మాత్రం యాప్ మేలు: ఎపిసోడ్ తప్పిపోదు, కొన్ని టీవీ కంటే ముందే వస్తాయి. క్రికెట్‌కీ యాప్ చాలు, ఐపీఎల్ టీవీ, డిజిటల్ హక్కులు ఇప్పుడు ఒకే గూటికి చేరాయి. విదేశాల్లో ఆడే క్రికెట్ సిరీస్‌లు వేరే యాప్‌లలో ఉండొచ్చు, సిరీస్ మొదలయ్యాక ఒక నెలకి తీసుకుని ఆపేయడమే లాభం.

ఇప్పుడు ఇంట్లోని సరంజామా. 40 ఎంబీపీఎస్ మీకు బోలెడు. హెచ్‌డీ ప్రసారానికి 5 ఎంబీపీఎస్ చాలు, గంటకు 2.25 జీబీ ఖర్చవుతుంది. రోజుకు నాలుగ్గంటలు చూస్తే నెలకు 270 జీబీ. మీ ప్లాన్ పరిమితి 3.3 టీబీ అయితే ఆలోచించనక్కర్లేదు. 4కే మాత్రం 15 నుంచి 25 ఎంబీపీఎస్ లాగుతుంది. ఆగి ఆగి రావడానికి కారణం చాలాసార్లు ప్లాన్ కాదు, వైఫై. 2016 నాటి టీవీల్లో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఆ బ్యాండ్‌లో పక్క ఫ్లాట్ల రౌటర్లు పది పదిహేను ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, సీరియల్ టైముకే, అది మరీ ఎక్కువ. టీవీ వెనక లాన్ పోర్టు ఉంటే రౌటర్ నుంచి క్యాట్ 6 వైరు లాగండి. టీవీ పోర్టు 100 ఎంబీపీఎస్ దాటకపోయినా ఇబ్బంది లేదు. వైరు వీలు కాకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉన్న స్టిక్ (టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకి తగిలించి యాప్‌లు నడిపే చిన్న పరికరం) పెట్టండి. పాత టీవీకి యాప్‌ల కొత్త వెర్షన్లు రావడం ఆగిపోయి ఉంటుంది కాబట్టి స్టిక్ ఎలాగూ అవసరమే.

స్టిక్ పెట్టేటప్పుడు మూడు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, దానికి టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు ఇవ్వడం. పాత పోర్టు అర ఆంపియరే ఇస్తుంది, స్టిక్‌కి కనీసం ఒక ఆంపియర్ కావాలి. ఫలితంగా యాప్ తెరవగానే రీస్టార్ట్ అవుతుంది. దాంతో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. రెండోది, దాన్ని టీవీ వెనక లోహపు చట్రానికి ఆనించి వదిలేయడం. వైఫై సగం అక్కడే చచ్చిపోతుంది, చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌తో బయటికి తీయండి. మూడోది క్రికెట్ చూసేవాళ్లకి బాగా తగిలేది. మన ప్రసారాలు సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు, స్టిక్ మామూలుగా 60 హెర్ట్జ్‌కి పెట్టి ఉంటుంది. 50ని 60లో ఇరికించడం వల్ల బంతి బౌండరీకి పోతున్నప్పుడు కెమెరా తిరిగే చోట చిన్న చిన్న కుదుపులు వస్తాయి, జనం నెట్ నెమ్మదిగా ఉందనుకుంటారు. డిస్‌ప్లే సెట్టింగుల్లో అసలు ఫ్రేమ్ రేటుకు సరిపోల్చే ఆప్షన్ పెట్టండి, అది లేకపోతే 1080పీ 50 హెర్ట్జ్ ఎంచుకోండి. ప్రత్యక్ష ప్రసారం యాప్‌లో డిష్ కంటే అర నిమిషం వరకూ వెనకబడుతుంది, దానికి ఏ సెట్టింగూ లేదు.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కూడా ఆలోచించండి. మీ ఫ్లాటుకు జనరేటర్ ఉన్నా మారే ఆ కొన్ని సెకన్లకే ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) ఆగి, తిరిగి లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే సరిపోతుంది. పెట్టె మీద 8000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది 3.7 వోల్టుల సెల్ లెక్క, అంటే దాదాపు 30 వాట్ అవర్లు. నష్టాలు పోను 25 అనుకుని, 8 వాట్ల రౌటర్‌కి మూడు గంటలు వస్తుంది. కంపెనీ వాళ్లను ఒక ప్రశ్న అడగండి: ఇంట్లోకి వచ్చేది ఫైబరా, లాన్ కేబులా? లాన్ కేబుల్ అయితే కింద ఎక్కడో కరెంటుతో నడిచే నెట్‌వర్క్ స్విచ్ ఉంటుంది, దానికి బ్యాకప్ లేకపోతే మీ యూపీఎస్ దండగ. ఫైబర్ అయితే మధ్యలో కాంతిని ఇళ్లకు పంచే స్ప్లిటర్లకి కరెంటు అక్కర్లేదు. ఓఎన్‌టీ పేజీలో వచ్చే కాంతి బలం మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. టీవీ యూనిట్ వెనక పసుపు రంగు తీగ గట్టిగా మడత పడితే అది మైనస్ 27 కంటే కిందికి పడిపోయి, రోజుకు నాలుగుసార్లు తెగుతూ ఉంటుంది.

మధ్యేమార్గం ఐపీటీవీ. ఎయిర్‌టెల్ 2025 మార్చిలో మొదలుపెట్టింది, బీఎస్‌ఎన్‌ఎల్ కూడా ఇస్తోంది. ఛానళ్లు మీ బ్రాడ్‌బ్యాండ్ తీగలోనే వస్తాయి, రిమోట్‌లో నంబరు నొక్కితే ఛానల్ మారుతుంది, కాబట్టి అత్తయ్యగారికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఉండదు. కానీ ఐపీటీవీ కంపెనీ కూడా బ్రాడ్‌కాస్టర్‌తో అదే ఒప్పందం చేసుకోవాలి. ఛానల్ గొడవలకి అది మందు కాదు, వానకీ డిష్ పెట్టుకునే స్థలం లేకపోవడానికీ మందు.

స్థలం సంగతి ఎలాగూ వచ్చింది. బెంగళూరులో ఉపగ్రహాలు చాలా ఎత్తులో ఉంటాయి. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది ఆగ్నేయ దిక్కులో 66 డిగ్రీల ఎత్తులో, 83 డిగ్రీలది దక్షిణానికి దగ్గరగా 73 డిగ్రీల ఎత్తులో కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న బిల్డింగ్ అంతగా అడ్డు రాదు, పై బాల్కనీ స్లాబే అడ్డొస్తుంది. డిష్ రెయిలింగ్ నుంచి రెండడుగుల దూరం దాటకూడదు, గోడకి చేర్చి పెడితే సిగ్నల్ దొరకదు. మీది సన్ డైరెక్ట్ అయితే మరో సౌకర్యం ఉంది. దూరదర్శన్ ఉచిత సేవ డీడీ ఫ్రీ డిష్ కూడా అదే 93.5 డిగ్రీల నుంచే వస్తుంది. కనెక్షన్ ఆపినా డిష్ కదపకుండా ఫ్రీ టు ఎయిర్ బాక్స్ తగిలిస్తే నెల ఖర్చు లేకుండా డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి. ప్రసార భారతితో పంచుకోవాల్సిన జాతీయ ప్రాధాన్య మ్యాచ్‌లు డీడీ స్పోర్ట్స్‌లో ఫ్రీ డిష్ మీద వస్తాయి. 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ మ్యాచ్‌లను కేబుల్, ప్రైవేటు డీటీహెచ్‌లలో డీడీ ద్వారా చూపించడం లేదు.

నెలకు మూడొందలకి వేల ఛానళ్లు ఇస్తామంటూ వాట్సాప్‌లో తిరిగే ఏపీకే (యాప్ స్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) జోలికి వెళ్లకండి. అవి దొంగ ప్రసారాలు. పెద్ద మ్యాచ్ మధ్యలో సర్వర్ మూసేస్తే అడిగే దిక్కుండదు. తెలియని చోటి నుంచి ఎక్కించిన యాప్‌కి ఇచ్చిన అనుమతులతో ఇంటి నెట్‌వర్క్‌లోకి ఎవరొస్తారో కూడా తెలియదు.

మీ ఇంటికైతే ఇలా చేయమంటాను. ఈ నెల డిష్ ఉంచి ప్యాక్‌లు తీసేసి విడి తెలుగు ఛానళ్లకు మార్చండి. ఆగిన ఛానల్ సీరియళ్ల కోసం దాని యాప్ ఒక్క నెలకి తీసుకుని స్టిక్ మీద పెట్టండి. స్టిక్ హోమ్ తెరలో మొదటి గడి ఆ యాప్‌దే ఉంచి, హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేయండి. అప్పుడు ఒకే రిమోట్‌తో టీవీ వెలిగి నేరుగా అక్కడికే వస్తుంది. అత్తయ్యగారు మీ సాయం లేకుండా రెండు వారాలు తనంతట తాను చూడగలిగితే, తర్వాతి రీఛార్జి చేయకుండా వదిలేయండి. ఆదివారం సినిమా ఏదని అడగడం మొదలైతే 243 రూపాయల కనెక్షన్ ఉంచుకోండి. బాక్స్, స్మార్ట్ కార్డు మాత్రం ఆరు నెలలు పారేయకండి, ఖాతా మళ్లీ తెరవాలనుకుంటే అవి కావాల్సి రావచ్చు.